తలుపు తెరిస్తే చాలదు: ఫిలాసఫీ క్లాసు మనలాంటోళ్ల దాకా ఎట్ల వచ్చింది?

 

ఈ పోస్టు కొంచెం పెద్దగనే ఉంది. ఒక్కసారి చదవలేకపోతే రెండుసార్లు చదవండి గాని, పూర్తిగా చదవండి. మా హాస్టల్‌లో జరిగిన చిన్న సంగతితో ఇది మొదలైంది.

మా హాస్టల్‌లో బీఏ చివరి సంవత్సరం చదివే అక్క ఒకామె ఉంది. వాళ్ల ఊరి నుంచి డిగ్రీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల. ఒకరోజు కెరీర్ గైడెన్స్ మీటింగ్ పెట్టారు. వచ్చిన సారు అందర్నీ లేపి, ముందు ఏం చదువుతారని అడిగాడు. బీఎడ్ అన్నారు, నర్సింగ్ అన్నారు, గ్రూప్స్ అన్నారు. అక్క వంతు వచ్చినప్పుడు "ఎంఏ ఫిలాసఫీ సార్" అంది. సారు నవ్వాడు. "అది మీకెందుకమ్మా? అసలే ఫస్ట్ జనరేషన్. జల్ది పని దొరికేది చూసుకోండి" అన్నాడు. కోపంగా అనలేదు, ప్రేమగానే అన్నాడు. అందుకే ఎవరికీ తిరిగి మాట్లాడ బుద్ధి కాలేదు.

ఇంటికి పోతే వాళ్ల నాయన కూడా అడిగాడంట, "బిడ్డా, అది చదివితే ఏం పని దొరుకుతది?" అని.

ఆ రాత్రి మేము ఎనిమిది మందిమి రూములో కూర్చున్నాం. వినడానికి రెండు ప్రశ్నలూ ఒక్కటే లెక్క ఉన్నాయి గాని, ఒక్కటి కావు. నాయనది ఇల్లు నడవాలనే బాధ. సారు మాటలో వేరే సంగతి ఉంది, "మీకెందుకు" అన్నాడు. ఆ "మీకు" అనే మాట మాకు నిద్ర పట్టనీయలేదు. రెండింటికీ మా దగ్గర జవాబు లేదు. రెండు నెలలు లైబ్రరీలో దొరికినవి, ఫోన్‌లో దొరికినవి చదువుకుంటూ పోయాం. ఈ ప్రశ్న మనకంటే ముందు వేరే దేశంలో, వేరే జనం ఎదుర్కొన్నారని తెలిసింది. వాళ్లలో మనలాంటి ఆదివాసులు కూడా ఉన్నారు. ఆ కథే ఇది.

ముందు ఈ మాట సంగతి

ఫిలాసఫీ అంటే తెలుగులో తత్వశాస్త్రం. పుస్తకం తెరవగానే "జ్ఞానమీమాంస" అని కనబడుతుంది. మేమైతే అక్కడే మూసేశాం. తర్వాత అక్కే విడమరిచి చెప్పింది: నీకు తెలుసు అంటున్నావు కదా, నీకు తెలుసని నీకు ఎట్ల తెలుసు? అంతే జ్ఞానమీమాంస. మబ్బు చూసి "రేపు వాన" అని తాత చెప్తాడు. అది జ్ఞానమా, ఊహనా? కళ్లతో చూసినదే జ్ఞానమా, పెద్దలు చెప్పింది కూడా జ్ఞానమేనా? రాసి లేకపోతే అది జ్ఞానం కాదా? ఈ ఆఖరి ప్రశ్న దగ్గర మా రూములో గంటన్నర గొడవ అయింది. ఎందుకంటే అది మన ప్రశ్న. పట్టా కాగితం లేకపోతే ఈ భూమి మీది కాదన్న ప్రతి ఒక్కరూ మన తాతలను అడిగింది అదే.

అంటే ఈ ప్రశ్నలు మనకు కొత్తవి కావు. మనకు దూరమైంది వాటి గురించి కూర్చుని మాట్లాడుకునే క్లాసు రూము. అది ఎందుకు దూరమైందో చూద్దాం.

చేతులకు ఒక చదువు, తలకు ఒక చదువు

1879లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో కార్లైల్ ఇండియన్ ఇండస్ట్రియల్ స్కూల్ అని ఒక హాస్టల్ బడి పెట్టారు. పెట్టింది రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే మిలిటరీ అధికారి. అక్కడి ఆదివాసీ పిల్లలను ఊళ్ల నుంచి తీసుకొచ్చి, జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, సొంత భాష మాట్లాడకుండా చేశారు. రోజులో సగం చదువు, సగం పని. మగపిల్లలకు వడ్రంగం, కమ్మరం, వ్యవసాయం. ఆడపిల్లలకు కుట్టుపని, బట్టలుతకడం, వంట. ఆ బడి 1918 దాకా నడిచింది. అదే పద్ధతిలో ఇంకా ఎన్నో బడులు వచ్చాయి. ఆ పిల్లలకు చేతులున్నాయని అందరూ ఒప్పుకున్నారు. ఆలోచన కూడా ఉందని ఒప్పుకోవడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

అదే కాలంలో నల్లజాతి వాళ్ల మధ్య పెద్ద చర్చ నడిచింది. బుకర్ టి. వాషింగ్టన్ బానిసగా పుట్టినవాడు. 1881లో అలబామాలోని టస్కీగీలో బడి మొదలుపెట్టాడు. ముందు చేతిపని నేర్చుకుందాం, సొంత కాళ్ల మీద నిలబడదాం, మిగతావి మెల్లగా వస్తాయి అనేది ఆయన దారి. ఆయన్ని తక్కువ చేయొద్దు. బానిసత్వం నుంచి అప్పుడే బయటపడి, చేతిలో పైసా లేని జనం ముందు నిలబడి ఆయన ఆ మాట అన్నాడు. అక్క వాళ్ల నాయన అడిగింది కూడా ఆ మాటే.

దానికి ఎదురు నిలబడినవాడు డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్. ఈయన హార్వర్డ్‌లో విలియం జేమ్స్ దగ్గర ఫిలాసఫీ చదువుకున్నాడు. 1895లో హార్వర్డ్ నుంచి పీహెచ్‌డీ తీసుకున్న మొదటి నల్లజాతి మనిషి. కాలేజీలో ఉన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో టెన్నెసీ పల్లెల్లో పంతులుగా పనిచేశాడు కాబట్టి పేదరికం ఆయనకు పుస్తకాల్లో చూసింది కాదు. 1903లో వచ్చిన "ది సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్" పుస్తకంలో వాషింగ్టన్‌తో నేరుగా వాదించాడు. పని నేర్చుకోవడం వద్దని ఆయన అనలేదు. పని మాత్రమే నేర్పి, ఎట్ల బతకాలో ఆలోచించే చదువును దూరం పెడితే, మన తరఫున ఎప్పుడూ వేరేవాళ్లే ఆలోచిస్తారన్నది ఆయన భయం.

ఈ ఇద్దరి గురించి చదివినప్పుడు మా రూము రెండు ముక్కలైంది. నలుగురు వాషింగ్టన్ వైపు, నలుగురు డుబోయిస్ వైపు. ఇప్పటికీ అట్లనే ఉంది, తెగలేదు.

తలుపు తెరిచారు, లోపల దారి మళ్లించారు

1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్ అనే పట్టణంలో ఒక జూనియర్ కాలేజీ మొదలైంది. మొదటి బ్యాచులో ఆరుగురే విద్యార్థులు. యూనివర్సిటీలో మొదటి రెండేళ్లలో చెప్పే చదువును సొంత ఊళ్లోనే చెప్తే, దూరం పోలేని పిల్లలు కూడా చదువుకుంటారు, తర్వాత పెద్ద యూనివర్సిటీలో చేరుతారు అన్నది ఆలోచన. అమెరికాలో ఇవే తర్వాత కమ్యూనిటీ కాలేజీలయ్యాయి. ఇంటికి దగ్గర, ఫీజు తక్కువ, మార్కుల వడపోత లేదు, పని చేసుకుంటూ సాయంత్రం వచ్చి చదువుకోవచ్చు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1947లో ప్రెసిడెంట్ ట్రూమన్ వేసిన కమిషన్ ఒక రిపోర్టు ఇచ్చింది. జనంలో కనీసం 49 శాతం మందికి పద్నాలుగేళ్ల చదువు పూర్తి చేసే తెలివి ఉందని, అంటే కాలేజీలో రెండేళ్లు చదవగలరని చెప్పింది. ఆ రెండేళ్లు ఉచితంగా ఉండాలంది. కమ్యూనిటీ కాలేజీ అనే పేరు అందరి నోళ్లలో పడింది అప్పుడే. ఇప్పుడు అక్కడ అట్లాంటివి సుమారు వెయ్యి ఉన్నాయి.

ఇంత మంచిగా ఉంటే ఇంకేం కావాలి అనిపిస్తుంది. మాకూ అట్లనే అనిపించింది. అప్పుడు బర్టన్ క్లార్క్ గురించి చదివాం.

ఈయన సోషియాలజిస్టు. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఒక రెండేళ్ల కాలేజీని దగ్గరగా చూసి, 1960లో దాని గురించి పుస్తకం, వ్యాసం రాశాడు. ఆయన చూసింది ఇది: చేరిన పిల్లల్లో ఎక్కువమంది నాలుగేళ్ల డిగ్రీ దాకా పోవాలనే ఆశతో వస్తారు. వాళ్లలో చాలామందిని ఎవరూ "పో" అనరు. ముందు ఒక పరీక్ష పెడతారు. తర్వాత కౌన్సెలర్ కూర్చోబెట్టి మాట్లాడతాడు. "నీ శక్తికి తగ్గది ఏందో చూసుకో" అనే క్లాసు ఒకటి ఉంటుంది. మార్కులు తక్కువొస్తే ఉత్తరం వస్తుంది. మెల్లమెల్లగా ఆ పిల్లవాడే తన ఆశ తగ్గించుకుని ఏదో ఒక పని కోర్సుకు మారతాడు. ఎవరూ తోసేయలేదు కాబట్టి ఎవరి మీదా కోపం ఉండదు. తనకే చేతగాలేదు అనుకుంటాడు.

దీనికి క్లార్క్ పెట్టిన పేరు "కూలింగ్ అవుట్", అంటే చల్లార్చడం. ఆ మాటను ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే ఇంకో సోషియాలజిస్టు నుంచి తీసుకున్నాడు. గాఫ్‌మన్ 1952లో రాసింది మోసగాళ్ల సంగతి. డబ్బులు గుంజుకున్నాక, పోగొట్టుకున్నవాడు గొడవ చేయకుండా మోసగాళ్లలో ఒకడు వెనక ఉండి సముదాయిస్తాడు. ఆ పనిని చల్లార్చడం అంటారు. కౌన్సెలర్లు చెడ్డవాళ్లని క్లార్క్ అనలేదు. ఏర్పాటే అట్ల ఉంది, మంచి మనుషులు కూడా అందులో ఆ పనే చేస్తారని చూపించాడు.

ఇది చదివాక మేమందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మొన్నటి మీటింగులో జరిగింది ఏందో మాకు అప్పుడు అర్థమైంది. ఆ సారు మీద కోపం కూడా కొంత పోయింది. ఆయన్ని కూడా ఎవరో ఒకప్పుడు చల్లార్చే ఉంటారు.

నవాజోలు సొంత కాలేజీ పెట్టుకున్నారు

ఇప్పుడు మనలాంటోళ్ల కథ.

అమెరికా నైరుతి భాగంలో నవాజోలు ఉంటారు. తమను తాము దినే అని పిలుచుకుంటారు. 1864లో సైన్యం వాళ్లను సొంత నేల నుంచి వందల మైళ్లు నడిపించి బోస్క్ రెడోండో అనే చోట పెట్టింది. ఆకలితో, రోగాలతో చాలామంది పోయారు. 1868లో ఒప్పందం జరిగి తిరిగి వచ్చారు. ఆ ఒప్పందంలో చదువు గురించి ఒక మాట ఉంది: ప్రతి 30 మంది పిల్లలకు ఒక బడి, ఒక పంతులు ఇస్తాం అని. పంతులు చెప్పేది ఇంగ్లీషు చదువు. వాళ్లకు ముందే ఒక చదువు ఉందన్న సంగతి ఆ కాగితంలో లేదు.

సరిగ్గా నూరేళ్లకు, 1968లో, నవాజోలు సొంత కాలేజీ పెట్టుకున్నారు. పేరు నవాజో కమ్యూనిటీ కాలేజీ. ఒక ఆదివాసీ జాతి తన చేతుల్లో నడుపుకునే కాలేజీ అమెరికాలో అదే మొదటిది. 1969 జనవరిలో అరిజోనాలోని మెనీ ఫార్మ్స్ అనే ఊళ్లో, ఒక ప్రభుత్వ హాస్టల్ హైస్కూల్ గదుల్లోనే క్లాసులు మొదలుపెట్టారు. అవును, హాస్టల్ గదుల్లోనే. 1973లో సైలీ అనే చోట సొంత క్యాంపస్‌కు మారారు. అక్కడ ఆరంతస్తుల పెద్ద అద్దాల బిల్డింగ్ ఉంది. అది కాలేజీకి మొదటి నవాజో ప్రెసిడెంట్ అయిన నెడ్ హతాత్లీ పేరు మీద ఉంది. దాని ఆకారం వాళ్ల సంప్రదాయ ఇల్లు హోగన్ లాగా ఉంటుంది. 1997లో కాలేజీ పేరే దినే కాలేజీ అయింది.

ఇందులో మాకు బాగా నచ్చింది వేరే. ఆ కాలేజీలో ఫిలాసఫీ అంటే పక్కన పెట్టిన ఒక సబ్జెక్టు కాదు. చదువు మొత్తాన్ని వాళ్ల సొంత తత్వం మీద నిలబెట్టారు. దానికి నాలుగు మెట్లు, నాలుగు దిక్కులు. తూర్పున నిత్సాహాకీస్, అంటే ఆలోచించడం. దక్షిణాన నహతా, ప్రణాళిక వేసుకోవడం. పడమర ఈనా, దాన్ని బతుకులో పెట్టడం. ఉత్తరాన సీహాసిన్, చేసినదాన్ని తిరిగి చూసుకుని నిలదొక్కుకోవడం. లెక్కలు చెప్పినా, జీవశాస్త్రం చెప్పినా ఈ వరసలోనే చెప్పే ప్రయత్నం చేస్తారు. అంటే ఫిలాసఫీ క్లాసులో కాలు పెట్టగానే పిల్లవాడు తెలియని ఊళ్లోకి రాలేదు. వాళ్ల అవ్వ చెప్పిన మాట దగ్గరికే వచ్చాడు. అక్కడి నుంచి ముందుకు పోతాడు.

1978లో అమెరికా ప్రభుత్వం ఆదివాసీ కమ్యూనిటీ కాలేజీలకు సాయం చేసే చట్టం తెచ్చింది. ఇప్పుడు అట్లాంటివి ముప్పైకి పైగా ఉన్నాయి. ఏ ఒక్కటీ ఊరికే రాలేదు. డబ్బుల కోసం ఇప్పటికీ కొట్లాడుతూనే ఉన్నారు.

పేపరు చదవగలిగితే చాలు

రెండో దారి న్యూయార్క్‌లో మొదలైంది. ఎర్ల్ షోరిస్ అనే రచయిత పేదరికం మీద పుస్తకం రాయడానికి తిరుగుతూ ఒక జైలుకు పోయాడు. అక్కడ శిక్ష అనుభవిస్తున్న ఒక మహిళను, జనం ఎందుకు పేదలుగానే ఉండిపోతున్నారని అడిగాడు. ఆమె పని గురించో డబ్బు గురించో చెప్తుందనుకున్నాడు. ఆమె మాత్రం, పట్నంలో ఉన్నోళ్లకు నాటకాలు, మ్యూజియాలు, కచేరీలు, ఉపన్యాసాలు ఉన్నాయి, మా పిల్లలకు అవి కావాలి అన్నట్టు చెప్పింది. నిలబడి ఆలోచించుకునే తీరిక, దానికి కావలసిన సరుకు పేదలకు అందడం లేదన్నది ఆమె మాట. షోరిస్ దాన్ని కొట్టిపారేయకుండా పట్టుకున్నాడు.

1995లో న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లోని రొబెర్టో క్లెమెంటే ఫ్యామిలీ గైడెన్స్ సెంటర్‌లో ఒక కోర్సు పెట్టాడు. క్లెమెంటే అంటే ప్యూర్టోరికోకు చెందిన బేస్‌బాల్ ఆటగాడు. 1972లో నికరాగ్వా భూకంప బాధితులకు సామాను తీసుకుపోతూ విమానం కూలి చనిపోయాడు. ఆ పేరు మీదే ఇది క్లెమెంటే కోర్సు అయింది. బార్డ్ కాలేజీ చదువు బాధ్యత తీసుకుంది, పాసైనవాళ్లకు కాలేజీ క్రెడిట్లు ఇచ్చింది.

చేరాలంటే ఏం కావాలి? పేదవాళ్లై ఉండాలి. మామూలు పేపరు చదవగలగాలి. అంతే. చెప్పింది మాత్రం పెద్ద చదువే: నీతి గురించిన ఫిలాసఫీ, లాజిక్, సాహిత్యం, కళల చరిత్ర, అమెరికా చరిత్ర. ప్లేటో రాసిన గుహ కథ చదివారు. గుహలో కట్టేసి ఉన్న మనుషులు గోడ మీద నీడలనే నిజం అనుకుంటారు. ఒకడు బయటికి పోయి ఎండను చూస్తాడు. తిరిగొచ్చి చెప్తే ఎవరూ నమ్మరు. ఊరి నుంచి మొదటిసారి కాలేజీకి వచ్చి సెలవులకు ఇంటికి పోయిన మనలో ఎవరికైనా ఆ కథ మళ్లీ చెప్పనవసరం లేదు.

షోరిస్ చేసినవాటిలో మేము గమనించినవి నాలుగు.

ఒకటి, పుస్తకాన్ని పలుచన చేయలేదు. పేదలకు చిన్న చిన్న సారాంశాలు చాలు అనుకోలేదు. అసలు పుస్తకాలే ఇచ్చాడు. నెమ్మదిగా చదివించాడు.

రెండు, ఉపన్యాసం కాకుండా ప్రశ్నలతో నడిపించాడు. టేబుల్ చుట్టూ కూర్చుని సోక్రటీస్ లాగా ఒకరినొకరు అడగడం. జవాబు పంతులు దగ్గర దాచిపెట్టి ఉండదు.

మూడు, బస్సు, రైలు టోకెన్లు ఇచ్చాడు. పిల్లల్ని చూసుకునే ఏర్పాటు చేశాడు. తినడానికి పెట్టాడు. క్లాసులు పని అయిపోయాక సాయంత్రం పెట్టాడు. మాకు ఇదే అన్నింటికంటే పెద్ద పాఠం. ఫిలాసఫీ అర్థం కాకపోవడానికి కారణం తెలివి లేకపోవడం అనుకుంటాం. చాలాసార్లు కారణం ఆఖరి బస్సు.

నాలుగు, అక్కడ చదువుకునేవాళ్లను మిస్టర్, మిజ్ అని గౌరవంగా పిలిచారు.

మొదటి సంవత్సరం ముప్పై మంది చిల్లర మొదలుపెడితే, సగం మంది దాకానే చివరికి నిలబడ్డారు. దాచిపెట్టాల్సిన సంగతి కాదిది. పేదరికం క్లాసు బయట కాచుకునే ఉంటుంది, ఒక కోర్సు దాన్ని కొట్టలేదు. నిలబడినవాళ్లలో చాలామంది మాత్రం తర్వాత కాలేజీల్లో చేరారు. వాళ్లలో ఒకాయన గురించి షోరిస్ రాశాడు. పనిచేసే చోట తోటి మనిషితో కొట్లాట దాకా వచ్చింది. చెయ్యి లేపబోయి ఆగి, సోక్రటీస్ అయితే ఏం చేసేవాడు అని తనను తాను అడుగుకున్నాడంట. ఆయన చెయ్యి కిందికి దిగింది. ఆలోచన పేదవాడికి ఇచ్చే మొదటి జీతం ఆ ఒక్క నిమిషమే అనుకుంటాం మేము.

కోర్సు తర్వాత వేరే ఊళ్లకు, వేరే దేశాలకు పాకింది. 2014 సంవత్సరానికి అమెరికా నేషనల్ హ్యుమానిటీస్ మెడల్ దానికే వచ్చింది. అప్పటికి షోరిస్ లేడు, 2012లో చనిపోయాడు.

ఎవరి ఫిలాసఫీ?

ఇక్కడ మా రూములో మళ్లీ గొడవ. ఒక తమ్ముడు అడిగాడు: "అన్నీ ప్లేటో, సోక్రటీస్ అంటున్నరు. పేదోళ్లకు పెద్దోళ్ల పుస్తకం ఇచ్చుడేనా? కార్లైల్ బడి కూడా తన చదువే గొప్పదని ఇచ్చింది కదా?"

మంచి ప్రశ్న. షోరిస్‌కు కూడా ఆ ప్రశ్న ఎదురైనట్టుంది. తర్వాతి కాలంలో మెక్సికోలోని యుకటాన్‌లో మాయా జనం మధ్య, వాళ్ల భాషలో, వాళ్ల సాహిత్యంతోనే కోర్సు నడిచింది. అలాస్కాలో యూపిక్ జనం మధ్య కూడా పెద్దల మాటల్నే పాఠాలుగా తీసుకున్నారు. ప్లేటోకు ఇచ్చిన కుర్చీ లాంటిదే అక్కడ ముసలి తాతకు కూడా ఇచ్చారు.

వయోలా కోర్డోవా గురించి కూడా చెప్పాలి. జికారిల్లా అపాచీ జాతి ఆమె. 1992లో న్యూ మెక్సికో యూనివర్సిటీ నుంచి ఫిలాసఫీలో పీహెచ్‌డీ తీసుకుంది. అమెరికా ఆదివాసీ మహిళల్లో అట్ల చేసిన మొదటివాళ్లలో ఒకరు. 2002లో చనిపోయింది. ఆమె వ్యాసాలు 2007లో "హౌ ఇట్ ఈజ్" అనే పుస్తకంగా వచ్చాయి. ఆమె పట్టుకున్నవి మూడు ప్రశ్నలు: ఈ ప్రపంచం ఏంది? మనిషి అంటే ఏంది? ఈ ప్రపంచంలో మనిషి చేయాల్సింది ఏంది? పాశ్చాత్యుల పుస్తకాలన్నీ చదివి, వాటి భాష నేర్చుకుని, ఆ భాషలోనే "మా జవాబు వేరే ఉంది" అని చెప్పింది. భూమి నుంచి వేరుగా మనిషి లేడన్నది ఆమె జవాబులో ఒక ముక్క.

ఆ తమ్ముడికి మేము చెప్పింది ఇదే. ప్లేటో తెలియకపోతే ఆమెకు ఆ గదిలోకి రానిచ్చేవాళ్లే కాదు. సొంత ఇంటి మాట తెలియకపోతే ఆ గదిలో ఆమె కొత్తగా చెప్పేదే ఉండేది కాదు. రెండూ కావాలి.

మన దగ్గర

మన ఆదిలాబాద్ ఏజెన్సీలో మార్లవాయి ఉంది. హైమెండార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ అక్కడ ఉన్నారని మనందరికీ తెలుసు. 1943లో అక్కడే గోండు పంతుళ్లకు ట్రైనింగ్ సెంటర్ పెట్టి, గోండి భాషలో వాచకాలు తయారుచేసి, దేవనాగరి లిపిలో అచ్చు వేయించారు. గోండు పిల్లలకు గోండు పంతులు, గోండి మాట. నవాజోల కాలేజీకి పాతికేళ్ల ముందే మన దగ్గర ఆ ఆలోచన ఉంది. కానీ అది చిన్న బడి దగ్గరే ఆగింది, పై చదువు దాకా రాలేదు.

మన ప్రధానులు కిక్రి పట్టుకుని సగాల కథ చెప్తారు కదా. నాలుగు, ఐదు, ఆరు, ఏడు అన్నదమ్ముల వంశాలు ఎట్ల పుట్టినయి, పెన్‌కు మనకు సంబంధం ఏంది, ఎవరు ఎవరికి ఏం బాకీ ఉన్నారు. కోర్డోవా అడిగిన మూడు ప్రశ్నలూ అందులో ఉన్నాయి. దండారి అప్పుడు విని, చప్పట్లు కొట్టి, ఇంటికొచ్చి పడుకుంటున్నాం. ఒక్కసారన్నా కూర్చుని "ఇది నిజమని మనకు ఎట్ల తెలుసు? ఇందులో న్యాయం ఎక్కడుంది?" అని అడిగామా? అడగడం అంటే అగౌరవం కాదు. పెద్దల మాటను ప్లేటో మాటంత బరువుగా తీసుకోవడమే.

కాబట్టి మేము ఒకటి మొదలుపెట్టాం. ప్రతి గురువారం రాత్రి అన్నం తిన్నాక గంటసేపు. ఒక వారం ఏదన్నా పుస్తకం నుంచి రెండు పేజీలు, తర్వాతి వారం మన ఊళ్ల నుంచి ఒక కథో, ఒక కట్టుబాటో. కష్టమైన మాట వస్తే, తెలుగులోనో గోండిలోనో మామూలు ప్రశ్నగా మార్చేదాకా ముందుకు పోవద్దు. తక్కువ మాట్లాడేవాళ్లకు ముందు అవకాశం. ఇంటర్ తమ్ముళ్లు కూడా వస్తున్నారు. మొదటి వారం ఎనిమిది మంది, మొన్న పద్నాలుగు మంది.

మీ హాస్టళ్లలో కూడా పెట్టండి. పర్మిషన్ అక్కర్లేదు, పైసలు అక్కర్లేదు. మీరు మాట్లాడుకున్న ఒక్క ప్రశ్న ఇక్కడ గ్రూపులో రాయండి.

ఇంక అక్క సంగతి. పోయిన ఆదివారం వాళ్ల నాయన హాస్టల్‌కు వచ్చాడు. ఈ కథంతా మాకు వచ్చినట్టు చెప్పాం. వాషింగ్టన్ గురించి చెప్పినప్పుడు తలూపాడు, డుబోయిస్ దగ్గర కూడా ఊపాడు. ఉద్యోగం గ్యారంటీ అని మేము అబద్ధం చెప్పలేదు. బీఎడ్ ఫారం కూడా వేస్తానని అక్కే ముందుగా చెప్పింది. ఆయన చాలాసేపు ఊకున్నాడు. తర్వాత, "మా అయ్యకు భూమి కేసులో సర్కారోళ్లు అడిగింది కూడా ఇదే కద బిడ్డా, నీదని నీకెట్ల తెలుసని. ఆయనకు చెప్పరాలే. నువ్వు నేర్చుకో" అన్నాడు.

అక్క రెండు ఫారాలూ నింపింది.

జై సేవా.